వంటింటి గోడకు అటువైపు

కారు తలుపు తీసే ఉంది. మంగతాయారు మాత్రం అందులో లేదు.

పట్టుచీర కట్టుకుని, తల దువ్వించుకుని, గేటుదాకా వచ్చి, ఒక కాలు కారులో పెట్టాక ఆవిడ వెనక్కి తిరిగింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. వరండా మెట్లెక్కి, ముందు గది దాటి, వంటింట్లోకి వెళ్ళి, గోడవార తన పీట వాల్చుకుని కూర్చుంది.

పెద్దకొడుకు బుచ్చిబాబు కాసేపు కారు దగ్గరే నిలబడ్డాడు. అమ్మ ఏదో మరచిపోయి వెళ్ళిందనుకున్నాడు. కళ్ళజోడో, ఆధార్ కార్డో. ఎంతకీ రాకపోయేసరికి చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? రిజిస్ట్రారాఫీసులో మనకోసం చూస్తున్నారు. బెజవాడ కంపెనీవాళ్ళు పొద్దున్నే బయల్దేరి వచ్చి కూర్చున్నారు."

ఆవిడ పీట ఇంకాస్త గోడవారకు జరుపుకుంది.

"ఒంట్లో బాగోలేదాండీ అత్తయ్యగారూ?" పెద్దకోడలు జయశ్రీ నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదండీ," అని భర్తతో చెప్పింది, అదేదో ఆవిడ తప్పన్నట్టు.

"ఇవాళ కాదులే నాన్నా," అంది మంగతాయారు.

"ఎందుకు కాదు?"

దానికి జవాబు రాలేదు. బుచ్చిబాబు గుమ్మంలో ఇంకాసేపు నిలబడి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. పెరట్లోంచి అతని గొంతు వినిపిస్తూనే ఉంది. అమ్మకి నలతగా ఉందండీ, పెద్దావిడ కదండీ, రేపు తప్పకుండానండీ. అబద్ధం చెప్పేటప్పుడు బావగారికి 'అండీ'లు ఎక్కువవుతాయని చిన్నకోడలు పద్మప్రియ ఈ ఇంటికొచ్చిన ఏడాదిలోనే గమనించింది. ఈ మధ్య మరీ ఎక్కువయ్యాయి.

ఆమె అత్తగారి పక్కన నేలమీద కూర్చుని చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది. అడిగితే చెప్పే మనిషి కాదు మంగతాయారు. అడక్కుండా పక్కన కూర్చుంటే చెబుతుంది.

మంగతాయారు తల గోడకు ఆనించింది. ఆ గోడమీద ఆవిడ తల ఆనించే చోట సున్నం నూనెతో నల్లబడి ఉంది. ఎన్నిసార్లు సున్నం వేయించినా మళ్ళీ అక్కడే, అదే ఎత్తున మరక తేలుతుంది.

ఆ గోడకు అటువైపు టాకీసు.

ఆవిడ మావగారు దత్తాత్రేయులు మాగాణి అమ్మి దాన్ని కట్టించిన రోజుల్లో ఏలూరంతా నవ్విందట. కట్టడం పూర్తయ్యాక నవ్వడం మానేసి టిక్కెట్లకు వరసలో నిలబడ్డారట. ముందువైపు రెండు గుండ్రటి మేడమెట్లు, బాల్కనీ అంచున సిమెంటు తామరపూలు, తెరకు ముందు ఎర్ర మఖమలు పరదా. కాలవలో పడవలు తిరిగినన్నాళ్ళూ కొల్లేటి లంకల నుంచి జనం పడవలేసుకుని వచ్చి, సెకండ్ షో చూసి, పడవల్లోనే పడుకుని తెల్లారి వెళ్ళేవారట. ఇంటి ఇలవేల్పు పేరున దానికి మంగతాయారు టాకీసని పేరు పెట్టారు. చాలా ఏళ్ళ తరవాత కొడుక్కి సంబంధాలు చూస్తుంటే అత్తిలిలో అదే పేరుగల పిల్ల కనిపించింది. బోర్డు మీద పేరు, కోడలి పేరు ఒకటే అయితే ఇక జాతకాలెందుకన్నారట పెద్దాయన.

అలా ఆ పిల్ల ఈ ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకు డెబ్భై దాటాయి. భర్త పాండురంగారావు పోయాక స్థలం, టాకీసు ఆవిడ పేరుకే వచ్చాయి. కరోనా రోజుల్లో మూసిన గేటు ఆ తరవాత తెరిచినా జనం రాలేదు. ఇప్పుడు దాన్ని కొట్టేసి అక్కడ షాపులు కడతామని బెజవాడ కంపెనీ అడిగింది. ఆషాఢం రాకముందే మొదలెట్టాలని వాళ్ళ తొందర. ఆవిడ సరేనంది. ఇద్దరు కొడుకులూ సరేనన్నారు. ఒక్క సంతకం మిగిలింది.

"ఏమైనా వినిపిస్తోందా అత్తయ్యగారూ?" అని అడిగింది పద్మప్రియ చివరికి.

"ఏం వినిపిస్తుందే. మూసిన హాలు." ఆవిడ ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీసింది. "కారులో కాలు పెట్టానా, ఎదురుగా గేటు కనిపించింది. పెద్దగేటు. టాకీసుది. ఆ గేటులోంచి నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదే అమ్మాయ్."

పద్మప్రియ చేతిలో పని ఆగింది.

"కొబ్బరికాయలు కొట్టేటప్పుడు కూడానా అండీ?"

"మగవాళ్ళే వెళ్ళి కొట్టేవారు. ప్రసాదం ఇంటికొచ్చేది. మీ మావగారు ఒప్పుకునేవారు కాదు. యజమాని ఇంటి ఆడాళ్ళు హాల్లో కూర్చుంటే జనం తెర చూడరు, వాళ్ళని చూస్తారు అనేవారు. ఒకసారి అడిగాను, కొత్తల్లో. నాన్నగారు పెట్టిన నియమం, నేను తప్పించలేను అన్నారు. అప్పటికి పెద్దాయన పోయారు కూడా. పోయినాయన మాట ఎవరు కాదంటారు?"

"మరి సినిమాలు..."

"విన్నాను." మంగతాయారు గోడమీద వేళ్ళతో తట్టింది. "రోజుకి నాలుగాటలు. అన్నం వార్చేటప్పుడు ఫైటింగు, పోపు పెట్టేటప్పుడు ఏడుపులు. టీవీలో తరవాత కొన్ని చూశాననుకో. ఈ గొంతు ఈవిడదా అని ఆశ్చర్యపోయేదాన్ని. టీవీలో రానివి రానట్టే ఉన్నాయి. ఇక్కడ కూర్చుంటేనే బాగా వినిపించేది. అటు జరిగితే మాట అందేది కాదు."

చిక్కుడు గింజ ఒకటి ఎగిరి పీట కిందికి దొర్లింది. ఇద్దరూ దాన్ని వెతకలేదు.

"ఒక్క ఆట లోపల కూర్చుని చూస్తానే ప్రియా. ఆ తరవాత ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాను. వాడికి చెప్పు."

చెప్పడం పద్మప్రియ వంతయింది.

ఆమె భోజనాల దగ్గర చెప్పింది. పప్పు వడ్డిస్తూ, నెమ్మదిగా, తనకు దానితో సంబంధం లేనట్టు చెప్పింది. ఆమె భర్త దుర్గేష్ ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు. అతను తాడేపల్లిగూడెంలో బ్యాంకులో పని చేస్తాడు. రిజిస్ట్రేషనని ఆ రోజుకి సెలవు పెట్టుకుని ఇంట్లో ఉన్నాడు. బుచ్చిబాబు మాత్రం తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు.

"సినిమాకేం భాగ్యమమ్మా," అన్నాడు చివరికి. "సాయంత్రం ఏసీ హాలుకి తీసుకెళ్తాను. అందరం వెళ్దాం."

"నాకు ఏసీ పడదు."

"మన దాంట్లో ఏముందని చూస్తావు?"

"ఏముందో చూస్తాను."

"బొమ్మ వేసే మిషను కూడా లేదు. అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు."

"పాత మిషనుంది కదా. ఆపరేటరు సత్యానందం వారం వారం వచ్చి నూనె పోసి వెళ్తున్నాడు. పోయిన ఆదివారం కూడా వచ్చాడు."

"అదో పిచ్చి మారాజు. నూనె పోస్తే సరిపోతుందా?"

దుర్గేష్ ముద్ద కంచంలో వదిలేశాడు. "చెప్పెయ్ అన్నయ్యా."

"ఏం చెప్పాలి?"

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

జయశ్రీ మజ్జిగ గిన్నె తేవడానికి లేచి, గిన్నె తన పక్కనే ఉందని చూసి కూర్చుంది.

"కుర్చీల గురించా?" అంది మంగతాయారు.

బుచ్చిబాబు తలెత్తాడు.

"పోయినవారం ఈడ్చారు కదా. రెండ్రోజులు చప్పుడయింది. ఏంటిరా అంటే ఎలకలమ్మా అన్నావు. అంత బరువైన ఎలకలు ఏలూర్లో లేవు నాన్నా." ఆవిడ గొంతులో కోపం లేదు. "తరవాత గోడలకున్న చెక్క పలకలు పీకించావు. మేకులు ఊడదీస్తుంటే ఇక్కడ కందిపప్పు డబ్బా అలమరలోంచి కిందపడింది. ఆ పైన రేకులు. ఇన్నేళ్ళు విన్నదాన్ని, నాకు తెలీదనుకున్నారా?"

"కంపెనీవాళ్ళు తొందరపెట్టారమ్మా. నువ్వు బాధపడతావని..."

"అడిగితే వద్దనేదాన్నా?"

బుచ్చిబాబు కంచం పక్కన తడి వేలితో ఏవో గీతలు గీశాడు.

"తెర ఉందా?" అని అడిగింది ఆవిడ.

"ఉంది. కొబ్బరికాయ కొట్టకుండా తెరమీద చెయ్యి వెయ్యమన్నారు పనివాళ్ళు."

"అయితే చాలు."

"చాలంటారేంటండీ," అంది జయశ్రీ. ఆమెది తణుకు. పుట్టింటివాళ్ళు మిల్లులో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. "కుర్చీల్లేవు, బెంచీల్లేవు. ఎక్కడ కూర్చుంటారండీ? నేలలోనా? యజమానురాలు నేల టిక్కెట్టు జనంలాగా కూర్చుంటుందా?"

"నేల కూడా బాగానే ఉంటుందక్కా," అంది పద్మప్రియ. నోరు జారాక గానీ తెలియలేదు తను మాట్లాడిందని. "తెర ముందే కదా. మెడ కాస్త నొప్పి పుడుతుంది, అంతే."

"నీకెలా తెలుసు?"

"మేం నేలలోనే చూసేవాళ్ళం. ఈ హాల్లోనే. కోతలయ్యాక మా లంక అంతా ట్రాక్టరెక్కి వచ్చేవాళ్ళం. చాపలు కూడా తెచ్చుకునేవాళ్ళం."

జయశ్రీ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "పెళ్ళిచూపుల రోజున మీ నాన్నగారు 'మీ హాల్లో ఎన్ని ఆటలు చూశామోనండీ' అన్నారు. బాల్కనీలోనా అని మీ బావగారు అడిగితే తల ఊపారు కూడా."

"మా నాన్నకి ఎవరేమడిగినా తల ఊపడం అలవాటక్కా."

నవ్వాపుకోలేక దుర్గేష్‌కు పొలమారింది. మంగతాయారు నవ్వలేదు గానీ చిన్నకోడలి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అయితే నువ్వు చూశావన్నమాట," అంది. "లోపల ఎలా ఉంటుందో నీకు తెలుసు."

తను సిగ్గుపడి ఇన్నేళ్ళూ దాచిపెట్టిన మాటను అత్తగారు ఈర్ష్యగా అందుకుంటుందని పద్మప్రియ ఎన్నడూ అనుకోలేదు.

సత్యానందం మధ్యాహ్నం వచ్చాడు. ఆపరేటరుగా ఆ క్యాబిన్లోనే అతని జుట్టు నెరిసింది. విషయం విని తల గోక్కున్నాడు.

"మిషను తిరుగుద్దండి. దాని దీపానికే ఇంటి కరెంటు చాలదు. పందిళ్ళవాళ్ళ జనరేటరు ఏదైనా తెప్పించండి బాబుగారూ. బొమ్మంటారా, ఒక్క రీలుందండి క్యాబిన్లో. పాత నలుపూ తెలుపూది. ఆ పంపిణీ ఆఫీసు మూసేశాక తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ముందూ లేదు, వెనకా లేదు. మధ్యలో రీలు."

"ఏదైతే ఏం," అంది మంగతాయారు. "నాకు ముందూ వెనకా ఎప్పుడు దొరికాయి? మధ్యలో ఎవరో ఒకరు భోజనానికి వచ్చేవారు."

పైన సగం రేకులు లేవు కాబట్టి వెలుగు పోయేదాకా ఆగాల్సి వచ్చింది. ఫస్ట్ షో వేళకు వీధి దీపాలు వెలిగాయి.

బుచ్చిబాబు రానన్నాడు. అందరూ గేటు దగ్గరికి వెళ్ళేసరికి మాత్రం తాళాలగుత్తితో అక్కడే ఉన్నాడు.

మంగతాయారు పొద్దుటి పట్టుచీరలోనే ఉంది. గేటులో అడుగుపెట్టే ముందు ఆగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పద్మప్రియ చెయ్యి పట్టుకోబోతే వద్దంది. గుండ్రటి మెట్లకేసి, సిమెంటు తామరపూలకేసి చూస్తూ, గుడిలో నడిచినట్టు నడిచింది. జయశ్రీ చాప మోసుకుంటూ వెనకాల వచ్చింది. దుమ్ము దుమ్ము అని రెండుసార్లంది.

లోపల ఏమీ లేదు. అదే మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది. వాలుగా దిగిన సిమెంటు నేల, కుర్చీల కాళ్ళు పీకేసిన గుంటలు, చివర తెల్లగా, కాస్త చిరిగి, తెర. పైన తెరిచిన చోట ఆకాశం ముదురు నీలంగా ఉంది. కొల్లేటి వైపు పోతున్న కొంగల బారు ఒకటి ఆ ముక్కలోంచి దాటిపోయింది.

"ఇంత పెద్దదా," అంది మంగతాయారు. "నేను మన వంటిల్లంత అనుకునేదాన్ని. మాట అంత దగ్గరగా వినిపించేది."

"ఇక్కడండీ అత్తయ్యగారూ," అని పద్మప్రియ తెరకు ముందు చాప పరిచింది. "ఇదే మా చోటు."

ఆవిడ మోకాళ్ళమీద చేతులాన్చి నెమ్మదిగా కూర్చుంది. కాసేపటికి దుర్గేష్ కూర్చున్నాడు. జయశ్రీ కొంగు దులుపుకుని చాప అంచున కూర్చుంది. బుచ్చిబాబు వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

బయట జనరేటరు గురగురమంది. పైనుంచి ఒక వెలుగు గీత బయల్దేరి దుమ్ములోంచి తెరకు తగిలింది.

ఉమ్మడి ఇల్లు. పెరట్లో బావి. పెద్దాయన ఎవరో గొంతు చించుకుంటున్నాడు. ముక్కు కింద మీసం అతనిది కాదని తెలుస్తూనే ఉంది.

"నా మాటంటే ఈ ఇంట్లో ఎవరికీ లెక్కలేదు," అంది మంగతాయారు.

ఒక క్షణం తరవాత తెరమీద మీసం మనిషి అదే మాటన్నాడు.

పద్మప్రియ తిరిగి చూసింది. అత్తగారి పెదవులు కదులుతున్నాయి. తెరమీది మనుషుల కన్నా ఒక్క ఊపిరి ముందు ఆవిడ మాట్లాడుతోంది. మీసం మనిషి మాట, అతని భార్య మాట, మధ్యలో దగ్గుతో సహా.

"ఇది విన్నానే అమ్మాయ్. మూడు వారాలు ఆడింది. టీవీలో ఒక్కసారీ రాలేదు. ఈ చిన్నకోడలిని చూడు, అందరూ ఎలా నిలబెట్టి అడుగుతున్నారో. ఇప్పుడు ఏడుస్తుంది. ఆ... ఏడ్చింది. ఇప్పుడు మొగుడు బయటికి పోతాడు. చెప్పుల చప్పుడు." తెరమీద కిర్రు చెప్పులు దాటిపోయాయి. "ఇక ఇక్కడే. ఇక్కడ చాలాసేపు ఏమీ వినిపించదు. చచ్చిపోతుంది."

"ఎవరండీ?"

"ఆ పిల్లే. పాపం."

తెరమీద మాటలు ఆగిపోయాయి. పాట లేదు, వాయిద్యం లేదు. చిన్నకోడలు ఒక్కతే ఉంది. నడుముకున్న తాళాలు తీసి పీటమీద పెట్టింది. పొయ్యిమీది గిన్నె దించింది. పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి గడియ తీసింది. గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చాలాసేపు చూసింది. ఆ తరవాత కొంగు భుజంమీద సర్దుకుని మెట్టు దిగి వెళ్ళిపోయింది. తెరిచిన తలుపులోంచి ఒక కోడి లోపలికొచ్చి గింజలు ఏరుకుంది.

రీలు అయిపోయింది. తెర ఉత్త తెలుపయింది.

మంగతాయారు కదల్లేదు.

"చావలేదే," అంది.

"లేదండీ."

"తలుపు తీసుకుని పోయింది." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఆ తరవాత ఇంకెప్పుడూ దాని గొంతు వినపడలేదు. చచ్చిపోయిందనుకున్నాను. మూడు వారాలు, నాలుగాటలకీ ఏడ్చేదాన్ని. మీ మావగారు ఉల్లిపాయలనుకునేవారు."

"ఎక్కడికెళ్ళిందో సత్యానందాన్ని అడగనా అమ్మా?" అన్నాడు దుర్గేష్. "అతనికి గుర్తుండొచ్చు."

"వద్దు. వెళ్ళింది కదా. చాలు."

క్యాబిన్లో దీపం ఇంకా ఆర్పలేదు. తెరమీద పడ్డ తెల్లటి వెలుగు పక్క గోడలమీద కూడా పరుచుకుని ఉంది. మంగతాయారు లేవడానికి పద్మప్రియ భుజం పట్టుకుని, లేచి, ఎడమవైపు గోడకేసి చూసి ఆగింది.

"అటు ఏముంది?"

"లేడీస్ క్లాసు ఉండేదమ్మా అక్కడ," అన్నాడు బుచ్చిబాబు వెనకనుంచి. "అటు మన ఇల్లే. పద, దుమ్ము పడదు నీకు."

"మన ఇల్లంటే, వంటిల్లా?"

"వంటిల్లే."

ఆవిడ అటు నడిచింది. చెక్క పలకలు పీకిన గోడ పుండు మానినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. పలకలతో పాటు గిలాబా కూడా పెళ్ళలుగా ఊడి వచ్చింది. ఊడిన చోట, మనిషెత్తున, నిలువుగా రెండు టేకు కమ్ములు. వాటి పైన అడ్డంగా ఇంకొకటి. కింద రాతి మెట్టు.

అది ద్వారబంధం. మధ్యలో ఇటుకలు పేర్చి మూసేశారు.

జయశ్రీ ఈసారి దుమ్మనలేదు. "నేనిక కుక్కరు పెడతానండీ," అని గొణిగి, ఇటువంటి చోట ఉండకూడదన్నట్టు వెళ్ళిపోయింది.

మంగతాయారు వంగి మెట్టు తడిమింది. రాయి మధ్యలో గిన్నెలా అరిగి ఉంది.

"మా అత్తగారు," అంది. "నేనొచ్చేసరికే పోయారు. ఆవిడ నడిచేవారన్నమాట. ఇటునుంచి వచ్చి లేడీసులో కూర్చునేవారు."

"మరి తాతగారి నియమం..." దుర్గేష్ మాట మధ్యలో ఆపేశాడు.

ఇటుకల్ని పడుకోబెట్టి కట్టలేదు, నిలబెట్టి కట్టారు. సగం మందం గోడ. నిలబెట్టడం వల్ల ఇటుకల వెడల్పు ముఖాలు బయటికి ఉన్నాయి. ప్రతి ఇటుక నడుమ బట్టీవాళ్ళు వేసే అచ్చు ఉంది. పద్మప్రియ కొంగుతో ఒకదాన్ని తుడిచింది. రెండు ఇంగ్లీషు అక్షరాలు. పి, ఆర్.

బుచ్చిబాబు దగ్గరికి వచ్చాడు. చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నాన్నగారి బట్టీ ఇటుక," అన్నాడు దుర్గేష్ మెల్లగా.

"మీ తాతగారు పోయాక గానీ మీ నాన్న బట్టీ పెట్టలేదు," అంది మంగతాయారు. ఎవరికో దారి చెబుతున్నట్టు ఒక్కొక్క మాటే చెప్పింది. "నేను వచ్చిన కొత్తల్లో వంటింట్లో ఈ గోడకి పెద్ద భోషాణం ఉండేది. దాని వెనకాల ఏముందో నేను చూడలేదు. బుచ్చిబాబు పురిటికి అత్తిలి వెళ్ళాను. పిల్లాణ్ణెత్తుకుని తిరిగొచ్చేసరికి భోషాణం లేదు. గోడంతా కొత్త గిలాబా, కొత్త సున్నం, ఒక అలమర. పసివాడికి పొగ తగలకుండా వంటిల్లు బాగు చేయించానన్నారు. ఎంత మంచివారో అనుకున్నాను."

"అమ్మా, ఆయన ఏమనుకుని చేశారో మనకి తెలీదు కదా," అన్నాడు బుచ్చిబాబు. "ఆ రోజులు వేరు."

"ఆ రోజుల్లో మా అత్తగారు నడిచారు నాన్నా. అంతకన్నా ముందు రోజుల్లో."

బుచ్చిబాబు తాళాలగుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

గోడ అవతల ఏదో చప్పుడైంది. గిన్నెమీద మూత పడ్డ చప్పుడు. తరవాత పంపు తిప్పిన నీళ్ళ చప్పుడు. జయశ్రీ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. "నేలమీదే కూర్చున్నారొదినా, పట్టుచీరతో," అన్న మాట పక్కన నిలబడి అన్నంత స్పష్టంగా వినిపించింది.

మంగతాయారు ఇటుకలమీద అరచెయ్యి ఆనించింది. పద్మప్రియ కళ్ళతోనే కొలిచింది. సరిగ్గా అటువైపు, అదే ఎత్తున, సున్నంమీద నూనె మరక ఉంటుంది.

"సగం ఇటుకే అడ్డం," అంది మంగతాయారు. "అందుకే అక్కడే బాగా వినిపించేది. తలుపు దగ్గరే కూర్చున్నానన్నమాట, ఇన్నాళ్ళూ."

ఆవిడ వెనక్కి తిరిగి, అరిగిన మెట్టుమీద కూర్చుంది. పట్టుచీర అంచు దుమ్ములో పరుచుకుంది.

"పదమ్మా, ఇంటికెళ్దాం," అన్నాడు బుచ్చిబాబు. "రేపు మళ్ళీ పెందరాళే లేవాలి. నువ్వు ఆట చూస్తే సంతకం పెడతానన్నావు. చూశావు కదా."

"వెళ్దాం. ఇటునుంచి వెళ్తాను."

"ఎటునుంచి?"

"ఈ గుమ్మంలోంచి. ఎలాగూ కొట్టేసేదే కదా నాన్నా. మొదటి గునపం ఇక్కడ వెయ్యి. పనివాళ్ళు వద్దు, నువ్వే వెయ్యి. మీ నాన్న పెట్టించిన ఇటుకలు నువ్వు తియ్యి. అంతవరకూ ఇక్కడే కూర్చుంటాను."

"ఇప్పుడా?"

"తొందరేం లేదు. నాకు కూర్చోవడం అలవాటే."

"మరి రేపు సంతకం?"

ఆవిడ జవాబు చెప్పలేదు. ఇది పొద్దుటి మౌనం కాదని పద్మప్రియకు తెలిసింది. పొద్దున ఆవిడ ఏదో అడగలేక ఊరుకుంది. ఇప్పుడు ఊరుకోవడంలో ఏమడుగుతుందో ఎవరికీ తెలియదు.

బుచ్చిబాబు నుదురు రుద్దుకున్నాడు. తమ్ముడి వైపు చూశాడు. దుర్గేష్ చూపు ఇటుకలమీద ఉంది. పద్మప్రియ వైపు చూశాడు. ఆమె వెళ్ళి అత్తగారి పక్కన, మెట్టుమీద మిగిలిన కాస్త చోటులో కూర్చుంది. అతను ఒకసారి నాన్నగారి అక్షరాలకేసి చూసి, ఏమీ అనకుండా తిరిగి, వాలు నేల ఎక్కి చీకట్లోకి వెళ్ళిపోయాడు.

బయట రెండు దారులున్నాయి. ఎడమకు తిరిగితే సైకిల్ స్టాండు. పనివాళ్ళు గునపాలు, పారలు అక్కడే వదిలి వెళ్ళారు. కుడికి తిరిగితే గేటు. గేటు ముందు కారుంది.

సత్యానందం క్యాబిన్లో దీపం ఆర్పాడు. తెర కనిపించకుండా పోయింది. గోడ అవతల కుక్కరు ఒక కూత వేసి ఊరుకుంది.

మంగతాయారు తల వెనక్కి, ఇటుకలకు ఆనించి కళ్ళు మూసుకుంది. కొడుకు చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. కంకరమీదికి వచ్చింది. కొంతదూరం నడిచింది.

"ఎటు వెళ్తున్నారండీ బావగారు?" అని గుసగుసగా అడిగింది పద్మప్రియ.

ఆవిడ వేలెత్తి, ఉండమన్నట్టు చూపింది.

"ఆగాడు," అంది.